గేటు దగ్గర టికెట్టు ఎవరు చింపుతున్నారు?

 

చలికాలం వస్తే మన అరకు, అనంతగిరి ఘాట్ రోడ్డు మీద కార్ల వరస తెగదు. టూరిజం పెరిగితే ఆదివాసీ బాగుపడతాడని మీటింగుల్లో చెబుతారు. కాదని మేము అనడం లేదు. కానీ కొండ మీద పడిన వాన ఇంకకుండా గెడ్డలోకి జారిపోతే మన మడికి మిగిలేదేమిటి? డబ్బూ అంతే. అందుకే ఈరోజు మీకు చాలా దూరపు ఆదివాసీల సంగతి ఒకటి చెప్పాలనుకున్నాం.

పసిఫిక్ సముద్రంలో రాపా నూయీ అని ఒక దీవి. మీరు పుస్తకాల్లో ఈస్టర్ దీవి అని చదివి ఉంటారు. చిలీ దేశానిది. ఆ దేశపు తీరం నుంచి మూడున్నర వేల కిలోమీటర్ల దూరం, విమానంలో అయిదు గంటలకు పైగా కింద నీళ్లే. 2017 లెక్కల్లో అక్కడి జనాభా 7,750. కరోనాకు ముందు ఏడాదికి వచ్చే టూరిస్టులు లక్షకు పైనే. వాళ్లు వచ్చేది ఆ జాతి పూర్వీకులు చెక్కిన మోఆయ్ అనే పెద్ద రాతి విగ్రహాలు చూడటానికి.

ఆ జాతి పడిన కష్టం తక్కువది కాదు. దీవిని గొర్రెల కంపెనీకి కౌలుకిచ్చి, మనుషుల్ని హంగా రోవా అనే ఒక్క ఊళ్లో ఉంచారు. కంపెనీ 1953 దాకా ఉంది, తర్వాత నావికాదళం పెత్తనం. పౌర హక్కులు 1966లో గానీ రాలేదు. విగ్రహాలున్న నేల 1935లోనే జాతీయ పార్కు అయింది, టికెట్టు డబ్బు చిలీ అటవీ సంస్థకు పోయేది. తాతలు చెక్కిన రాయి, పైకం మాత్రం ఇంకొకరిది! 2015లో జనం దారులకు అడ్డం నిలబడ్డారు. 2017లో పార్కు నిర్వహణ వాళ్ల సొంత సంఘం మావు హెనువా చేతికొచ్చింది. 2018 నాటికి విదేశీయుడి టికెట్టు 80 డాలర్లు. ఆ ఏడాదే ఇంకో నిబంధన వచ్చింది: బయటివాళ్లు 30 రోజులకు మించి ఉండకూడదు, అంతకుముందు 90 రోజులు ఉండేది. నేల సంగతీ మన 1/70 లాగే. రాపా నూయీ భూమి రాపా నూయీలు కానివాళ్లకు అమ్మకూడదు.

ఇంత గట్టిగా నిలబడినవాళ్లకీ దెబ్బ తగిలింది. 2020 మార్చిలో కరోనాతో దీవి మూశారు, మళ్లీ తెరిచింది 2022 ఆగస్టులో. రెండేళ్లకు పైగా ఒక్క టూరిస్టు లేడు. తినే సరుకు చాలావరకు బయటి నుంచి వచ్చేది. అప్పుడు వాళ్లు పెరట్లో కూరగాయలు వేశారు, చేపలకు వెళ్లారు, ఉమాంగా అనే పాత పద్ధతిని మళ్లీ పట్టుకున్నారు. అంటే ఒకరి పనికి ఒకరు కూలి లేకుండా సాయం వెళ్లడం. మన పెద్దలకు ఇది కొత్తేమీ కాదు, మీలో కొందరికి కొత్త కావచ్చు!

ఇప్పుడు మన సంగతి. 1/70 ఉంది. బొర్రా పంచాయతీ గనుల గొడవలోంచి పుట్టిన 1997 సమతా తీర్పు ఉంది. అయినా ఏజెన్సీలో కొన్ని రిసార్టులకు బోర్డు మీద ఆదివాసీ పేరు, కౌంటరులో కూర్చునేది వేరేవాళ్లు. మన పిల్లలు అక్కడ గిన్నెలు కడుగుతారు, భోజనాల వేళ పదిహేను నిమిషాలు థింసా ఆడతారు. రాపా నూయీల తపాతి పండుగలో అరటి బోదెల మీద కొండవాలున జారే పోటీ ఉంది. టూరిస్టు చూస్తాడు, కానీ పండుగ వాళ్లది, నడిపేది వాళ్లు. థింసాకు అలాంటి మర్యాద మనమే ఇవ్వకపోతే ఎవరిస్తారు? వలిసె పూల చేలో ఫొటోకి తలకింత అని మన రైతు వసూలు చేయడం కొందరికి చిన్నతనంగా ఉందట. మాకు మాత్రం మంచి పనిగానే కనబడుతోంది. చేను అతనిది, డబ్బు అతని చేతికే వస్తుంది. అయితే ఫొటోల కోసం చోడి చేలన్నీ పూల చేలు చేయొద్దు.

ఊళ్లకు వెళ్లాక ఒక పని చేయండి. మీ పంచాయతీలో ఉన్న రిసార్టులు, హోమ్‌స్టేలు, గుడారాలు, పార్కింగు పాటలు ఎవరి పేరున ఉన్నాయి, నిజంగా నడిపేది ఎవరు, మనవాళ్లకు జీతం ఎంత, ఒక్క నోటుబుక్కులో రాయండి. పీసా గ్రామసభలో నోటి మాటను పక్కన పెట్టేస్తారు, కాగితాన్ని మినిట్స్‌లో ఎక్కించక తప్పదు. రాసింది సంఘం ఆఫీసుకు తెస్తే అర్జీ తయారు చేయడానికి మేమూ కూర్చుంటాం.