కుచేలుని చెలిమి – కాలుని ధర్మము



మన జనగామ సీమలోని బమ్మెర గ్రామము, పదునైదవ శతాబ్దిలో భాగవతమును తెనిగించిన పోతన మహాకవి పుట్టిన ఊరు. అచటికి ఉత్తరమున, భూపాలపల్లి జిల్లాలో, గోదావరీ ప్రాణహితల సంగమస్థలమున కాళేశ్వర క్షేత్రము గలదు. అందు ఒకే పానవట్టముపై ఇరువురు వెలసినారు: కాలుడు, ముక్తేశ్వరుడు. కాలుడనగా యమధర్మరాజే. ముందు ఆయనను అర్చించి, పిమ్మట ముక్తేశ్వరుని అర్చించుట అచటి ఆచారము.

ఒకప్పుడు మానుకోటలో జరిగిన సప్తాహమున, కొడుకును పోగొట్టుకొన్న తల్లి యొకతె నన్నడిగినది: "అయ్యగారూ, గురువు కొడుకును యముని దగ్గరినుంచి తోలుకొచ్చిండు గదా కృష్ణుడు! మరి సొంత మేనల్లుడు అభిమన్యుని ఎందుకు తేలే?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇట్టి ప్రశ్నకు శ్లోకము చదివి తప్పించుకొనరాదు.

సాందీపనికి పుత్రుని తెచ్చి యిచ్చుట గురుదక్షిణ. విద్య నేర్చినవాడు తీర్చవలసిన ఋణము. అర్జునుడు ప్రాణసఖుడే. కాని చెలికాని కొడుకని అభిమన్యుని మరలించినచో, ఆ రణభూమిలో పడిన పదునెనిమిది అక్షౌహిణులవారి తల్లులకేమి సమాధానము? యముని సమవర్తి యనుట ఊరకే కాదు.

మరి చెలిమి చేయునదేమి? ఆ సాందీపని ఆశ్రమమునందే కృష్ణుడు, కుచేలుడు సహాధ్యాయులు. ఏండ్లు గడచి, ఒకడు ద్వారకాధీశుడై, మరియొకడు చినిగిన బట్టతో వచ్చినప్పుడు, కృష్ణుడు తలచుకొన్నదేమి? గురుపత్ని పంపగా కట్టెలకై అడవికేగిన నాటి గాలివాన! దారి కానక, చేయి చేయి పట్టుకొని, తెల్లవార్లు తడిసిరి. సూర్యోదయమున గురువే వెదకికొనుచు వచ్చెను. గోవర్ధనము నెత్తినవాడు ఆనాడు వాన నాపలేదు, చూచితిరా! మిత్రుని చేయి మాత్రము విడువలేదు.

పరీక్షిత్తును గర్భమునందు బ్రహ్మాస్త్రమునుండి కాపాడినదీ ఆయనే. అయినను ఏడవనాటి తక్షకుని కాటు తప్పలేదు. ఆ రాజు ఎనిమిదవ దినమును వేడలేదు. మరణించువాడు వినదగినదేదని శుకమహర్షి నడిగెను. మనము చదువుకొనుచున్న భాగవతము ఆ ఏడు దినముల చదువే.

మరునాడు ఈ మాటలే ఆ తల్లికి చెప్పితిని. ఆమె మారుమాట పలుకలేదు. కుచేలోపాఖ్యానము ముగియువరకు కూర్చుండి, ప్రసాదము రెండు పొట్లములు అడిగి తీసికొని వెళ్లినది.