నీటికి తగిన చేప

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతముల గృహములలో గాజుతొట్టిని అమర్చుకొనువారు సాధారణముగా ముందు చేపను ఎన్నుకొని, తరువాత నీటిని గూర్చి ఆలోచింతురు. రంగు చూచి కొన్న చేపలు పది దినములలో చనిపోగా, తమ చేతికి చేపలు అచ్చిరావని తొట్టిని అటకమీదికి ఎక్కించినవారిని మేము పలువురిని ఎరుగుదుము. దోషము చేతిది కాదు, వరుసది. ముందు నీరు, తరువాత చేప. ఈ విషయమును ఇంద్రధనుస్సు చేపలు ఉదాహరణముగా శ్రోతలకు వివరింప దలచితిమి. దుకాణములలో వీనిని రెయిన్‌బో చేపలందురు.

మన ప్రాంతమున ఇండ్లకు నీరు ముఖ్యముగా రెండు విధముల లభించును. నాగార్జునసాగరము నుండి గొట్టములద్వారా వచ్చు కృష్ణాజలము ఒకటి; రాతినేలను తొలిచి తీసిన బోరునీరు రెండవది. బోరునీరు చాలచోట్ల కఠినజలము. అందు పప్పు త్వరగా ఉడుకదు. సబ్బు నురగ రాదు. బకెట్టు అంచున తెల్లని పొర కట్టును. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతమునకు చెందిన నియాన్ టెట్రా, డిస్కస్ మొదలగు చేపలు మృదువైన, ఇంచుక ఆమ్లగుణముగల నీటికి అలవాటుపడిన జాతులు. వానిని ఈ నీటిలో పెంచబూనుట మాగాణి పైరును మెట్టలో వేయుట వంటిది.

రెయిన్‌బో చేపల సంగతి వేరు. వీని స్వస్థలము ఆస్ట్రేలియా, న్యూగినీ. న్యూగినీ పశ్చిమభాగమున, నేడు ఇండోనేషియాకు చెందిన ప్రదేశమున, అయమారు సరస్సులు కలవు. అది సున్నపురాతి నేల. అందుచే అచ్చటి నీరు క్షారగుణము కలిగియుండును. 1950 దశకములో బోసెమన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు అచ్చట ఒక చేపను సేకరించెను. 1980లో ఆలెన్, క్రాస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దానిని వర్ణించి, ఆయన పేరే దానికి పెట్టిరి. మగచేప ముందుభాగము నీలము, వెనుకభాగము నారింజ. నాలుగు అంగుళముల వరకు పెరుగును. సున్నపురాతి సరస్సులో పుట్టిన ఈ చేపకు మన బోరునీటి కాఠిన్యము పరాయిది కాదు.

అయినను బోరునీరెల్ల మంచిదని భావింపరాదు. మురుగు ఇంకు చోట్ల బోరులలో నైట్రేటు హెచ్చుగా నుండవచ్చును. కావున చేపలు తెచ్చుటకు ముందు చిన్న పరీక్షాసాధనముతో నీటిని చూచుకొనుట మేలు. బోరునీటిని ఒక దినము గాలిగొట్టముతో కదిలించి వాడవలెను. కృష్ణాజలమున క్లోరిన్ ఉండును గనుక దానిని ఒక దినము తెరచియుంచవలెను. లేదా ఫోటోలు కడుగువారు వాడెడి హైపోను తగిన మోతాదులో కలుపవలెను. వారమునకు ఒకసారి తొట్టిలోని నాలుగవవంతు నీటిని మార్చిన చాలును.

ఇవి గుంపుగా, వేగముగా ఈదు చేపలు. కనీసము ఆరింటిని, నాలుగడుగుల పొడవుగల తొట్టిలో నుంచవలెను. ఎగిరి దుముకు స్వభావము గలవి గనుక మూత తప్పనిసరి. వేసవిలో మన నగరమున ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు తొట్టినీరు వేడెక్కి అందలి ప్రాణవాయువు తగ్గును. నీటిపై చిన్న ఫ్యానుగాలి తగులునట్లు చేసిన, కుండలోని నీరు చల్లబడినట్లే తొట్టియు చల్లబడును. కాని నీరు ఆవిరియగును, లవణములు మిగులును. తరిగిన నీటికి మారుగా మరల బోరునీటినే పోసినచో కాఠిన్యము నానాటికి పెరుగును. ఆ లోటును మాత్రము ఫిల్టరునుండి వచ్చు ఆర్‌.ఓ. నీటితో పూరింపవలెను.

వీనిచే గ్రుడ్లు పెట్టించుట సులభము; పిల్లలను బ్రతికించుట కష్టము. ఉదయపు వెలుతురు పడగానే మగచేప నుదుటిపై ఒక కాంతిరేఖ మెరయును. అది ఆడచేపను పిలుచు సంకేతము. ఆకుపచ్చని ఊలుదారములను కుచ్చుగా కట్టి, బెండుముక్కకు తగిలించి నీటిలో వ్రేలాడదీసినచో, ఆవగింజకన్న చిన్నవైన గ్రుడ్లు సన్నని జిగురుపోగులతో వానికి అంటుకొనును. ఒక్క దినముతో ముగియక, రోజునకు కొన్ని చొప్పున అనేక దినములు గ్రుడ్లు పెట్టును. ఆ కుచ్చును తీసి, అదే నీటితో నింపిన చిన్నతొట్టిలో నుంచవలెను. బూజుపట్టి తెల్లబడిన గ్రుడ్లను తీసివేయవలెను. ఏడు మొదలు పది దినములలో పిల్లలు వెలువడును.

ఆ పిల్లలు నీటి పైభాగముననే తిరుగును. నోరు మిక్కిలి చిన్నది. తొలివారము అరటితొక్క నానవేసిన నీటిలో పుట్టు సూక్ష్మజీవులే వానికి ఆహారము. పిమ్మట మన కోస్తా జిల్లాల రొయ్యల హేచరీలలో వాడెడి ఆర్టీమియా పిల్లలను వేయవచ్చును. కొన్ని నెలల వరకు చేపపిల్లలు బూడిదరంగుననే యుండును; నిండురంగు వచ్చుటకు ఏడాది పట్టును. దుకాణములో వెలవెలబోవు చిన్నచేపను చూచి పెదవి విరుచువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక!

ఇక అన్నిటికన్న ముఖ్యమైన మాట. వేర్వేరు జాతుల రెయిన్‌బోలను ఒకే తొట్టిలో నుంచిన, అవి కలిసి సంకరసంతానము కలుగును. కంటికింపుగా కలిపి పెంచుకొనవచ్చును గాని, ఆ తొట్టిలోని గ్రుడ్లను పెంచి పిల్లలను ఇతరులకు పంచరాదు. అయమారు చేప తన సరస్సులలోనే నేడు అంతరించు ప్రమాదమున నున్నట్లు అంతర్జాతీయ పట్టికలలో చేర్చబడినది. వర్తకము కొరకు పట్టుట, సరస్సుల నీరు తగ్గుట అందుకు కారణములు. గృహములోని తొట్టి సరస్సుకు సాటి రాదు. కాని తొట్టిలోని వంశమును శుద్ధముగా నిలుపుట మన చేతిలోని పని. అడవిచేపను కోరక, తొట్టిలో పుట్టిన చేపనే కొనుట దానికి తొలిమెట్టు.

అట్లే, పెంచలేనప్పుడు చేపలను సరూర్‌నగర్ చెరువులో వదలుట పుణ్యమని తలంపరాదు. 2020 అక్టోబరు వరదలలో ఆ చెరువునీరు కాలనీలలోనికి పొంగుటను మనవారు చూచిరి. ఆ నీరు కాలువలవెంట మూసీకి చేరును. తొట్టిగాజు శుభ్రము చేయునని తెచ్చి, పెద్దదైన పిమ్మట వదలివేసిన సక్కర్ చేప నేడు తెలుగునాట పలు జలాశయములలో వ్యాపించి, జాలరుల వలలను చింపుచున్నది. కొర్రమీనుకు ఇల్లయిన నీటిలో పరాయి చేపను వదలుట ఎవరికిని మేలు గాదు. పెంచలేనివారు చేపలను దుకాణమునకు గాని, పెంచగల ఇరుగుపొరుగువారికి గాని అప్పగింపవలెను.

మన నీరు ఎట్టిదో తెలిసికొని, దానికి తగిన చేపను తెచ్చుకొని, దాని వంశమును చెడకుండ కాపాడి, దానిని మన తొట్టిదాటి పోనీయకుండుట: ఈ నాలుగును పాటించిన ఇంట చిన్న తొట్టియు చిరకాలము నిలుచును.