బడిలో ఒక చిన్న గది

ఒక ఉన్నత పాఠశాలలో నాకు మొదట ఇచ్చిన గది, ప్రయోగశాల ప్రక్కనున్న సామాను గది. విరిగిన బల్లలను ఒక మూలకు జరిపి, రెండు కుర్చీలు వేసికొని కూర్చున్నాను. మూడు వారాల వరకు ఆ గడప త్రొక్కిన పిల్లవాడు లేడు. కారణం తరువాత తెలిసినది. పిచ్చి డాక్టరు వచ్చాడనీ, ఆయన దగ్గరకు పోయిన వాడికి పిచ్చి ఉన్నట్లేననీ పిల్లలు చెప్పుకొంటున్నారట. ఉపాధ్యాయుల అభిప్రాయమూ దీనికి అట్టే దూరం కాదు. అల్లరి చేసిన వాణ్ణి నా వద్దకు పంపుతామని బెదిరించేవారు. అనగా, బెత్తం ఉండవలసిన చోట నన్ను ఉంచారన్న మాట.

ఆ భయం నేటికీ అనేక గృహాలలో ఉన్నది. కనుక బడిలో మనస్తత్వవేత్త చేసే పని ఏమిటో ముందుగా మనవి చేస్తాను. అతడు మందులిచ్చే వైద్యుడు కాడు. మందు అవసరమైన బిడ్డను మానసిక వైద్యుని వద్దకు పంపడం వరకే అతని విధి. శిక్షించే అధికారమూ అతనికి లేదు. బిడ్డ చదువుకు, సంతోషానికి అడ్డు వచ్చినదేదో కనిపెట్టాలి. ఆ అడ్డు బిడ్డలో ఉన్నదా, ఇంటిలో ఉన్నదా, తరగతిలో ఉన్నదా అని విచారించాలి. దానిని తొలగించడానికి తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను కలుపుకొని పోవాలి. ఇంతే అతని పని.

ఈ పని పుట్టుక కూడా ఇటువంటిదే. 1896 లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లైట్నర్ విట్మర్ వద్దకు ఒక ఉపాధ్యాయిని తన విద్యార్థి నొకనిని వెంటబెట్టుకొని వచ్చారు. ఎంత నేర్పినా ఆ బాలునికి స్పెల్లింగు పట్టుబడదు. విట్మర్ పరీక్షించగా పిల్లవాని చూపులో లోపమున్నట్లు తేలినది. కళ్లజోడు పెట్టించి, ఆపైన ప్రత్యేకంగా చదువు చెప్పించారు. 1905 లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ అనే వైద్యునితో కలిసి బుద్ధి కొలమానాన్ని తయారు చేసినదీ, ప్రత్యేక బోధన ఏ పిల్లలకు అవసరమో తెలిసికొనడానికే. బుద్ధి పెరగదనీ, మారదనీ తీర్పు చెప్పేవారితో బినే ఏకీభవించలేదు. మొద్దు అనే మాట చాలా తేలిక. ఆ మాట వెనుకనున్న కారణాన్ని వెదకడమే కష్టం.

తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు మొదటి పీరియడులోనే నిద్రపోయేవాడు. సోమరి అని పేరు పడినది. ఒకనాడు తీరికగా కూర్చోబెట్టి అడిగితే, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి ఇంటింటికీ పాల పొట్లాలు వేసి వస్తున్నానని చెప్పాడు. దీనికి శాస్త్రం అక్కరలేదు. అడిగే ఓపిక చాలు. అరవైమంది పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయునికి ఆ తీరిక దొరకదు. నన్ను నియమించినది ఆ తీరిక కోసమే అనుకొంటాను.

అయితే పిల్లవాడు నోరు విప్పడానికి తీరిక ఒక్కటే చాలదు, నమ్మకం కావాలి. ఆ సంగతి నేను ఒక తప్పు చేసి నేర్చుకొన్నాను.

పదవ తరగతి విద్యార్థి ఒకడు, ఎప్పుడూ మొదటి వరుసలో ఉండేవాడు, క్రమంగా వెనుకబడ్డాడు. నాలుగైదు సార్లు వచ్చి, ఊరక కూర్చొని వెళ్లిపోయాడు. చివరకు ఒకనాడు, తండ్రిగారు నిర్ణయించిన ఇంజనీరింగు చదువు తనకు ఇష్టం లేదనీ, ప్రోగ్రెస్ కార్డు మీద రెండుసార్లు తానే తండ్రి సంతకం పెట్టాననీ చెప్పాడు. "నాన్నగారితో చెప్పరు గదా, మాస్టారూ?" అని అడిగాడు. చెప్పనన్నాను.

మూడు రోజులకు ఆ తండ్రి వచ్చారు. మంచివారు. కొడుకు అన్నం సరిగా తినడం లేదని దిగులుతో వచ్చారు. ఆయన ముఖం చూచి, మేలే జరుగుతుందని తలచి, సర్వమూ చెప్పివేశాను. ఆయన కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. కాని మరునాడు ఆ బాలుడు నా గది గడప అవతలనే నిలిచి, "మీరు చెప్పనన్నారు" అని ఒక్కమాట అని వెళ్లిపోయాడు. మరి రాలేదు. ఆ సంవత్సరమంతా ఆ తరగతి నుండి మరొక్కరు కూడా రాలేదు.

నాటి నుండి నేను చేసే పని ఇది. బిడ్డ మాట్లాడక ముందే నా హద్దులు చెబుతాను: "నీ ప్రాణానికి గాని, మరొకరి ప్రాణానికి గాని ముప్పు ఉన్నదని తోచినా, నిన్ను ఎవరైనా హింసిస్తున్నా, నేను దాచలేను. ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెబుతాను. తక్కినదంతా ఇక్కడనే ఉంటుంది." పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం కూడా విధించినది. ఇక తల్లిదండ్రులకు తెలియవలసిన సంగతి ఏదైనా ఉంటే, దానిని బిడ్డ చేతనే చెప్పిస్తాను; నేను ప్రక్కన కూర్చుంటాను. ఆలస్యమవుతుంది. అయినా అదే దగ్గరి దారి.

విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న ఒక బాలిక 2023 లో మరణించినది. ఆ కేసులో 2025 జులై 25 న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, వందమందికి తగ్గని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల కౌన్సెలర్‌నో, మనస్తత్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని ఉంచవలెనని ఆదేశించినది. మార్కులను బట్టి పిల్లలను వేరు బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం తగదని కూడా చెప్పినది. చాలా మంచిది. కాని ఉత్తరువు వలన గది ఏర్పడుతుంది, కుర్చీ వస్తుంది, నమ్మకం రాదు. దానిని రోజూ కొంచెం కొంచెంగా కూడబెట్టవలసినదే. ఒక్క పూటలో పోగొట్టుకొనవచ్చునని నాకు తెలుసు.

ఈ విషయంలో మీ సాయం కూడా కావాలి. మీ అమ్మాయి గాని, అబ్బాయి గాని అటువంటి గదికి వెళ్లివచ్చినట్లు తెలిస్తే, లోపల ఏమి చెప్పావని నిలదీయవద్దు. ఇరుగుపొరుగు ఏమనుకొంటారో అని సిగ్గుపడవద్దు. ఆ రాత్రి భోజనాల దగ్గర మార్కుల ప్రస్తావన మాని, మరే సంగతైనా మాట్లాడండి. చెప్పదలచుకొన్నది బిడ్డే చెబుతుంది. మీ ఊరి బడిలో అటువంటి వ్యక్తి లేకపోతే, 2022 అక్టోబరు నుండి ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ ఉన్నది. దాని నంబరు 14416. రేయింబవళ్లు, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ అయిదు అంకెలను మీ రేడియో ప్రక్కన, పిల్లల కంటికి ఆనే ఎత్తులో, వ్రాసి ఉంచండి. ఎందుకని వారు అడిగితే, అవసరమైతే నీకూ పనికి వస్తుందని చెప్పండి.