బెల్లీ డాన్స్ వీడియో ఎంచుకునే ముందు

ఇంట్లోనే బెల్లీ డాన్స్‌తో వ్యాయామం చేద్దామనుకుంటే వీడియోలకు కొదవ లేదు. చిక్కల్లా ఎంచుకోవడంలోనే.

మీకు కావలసింది చెమట పట్టే కసరత్తా, నాట్యం నేర్చుకోవడమా? ముందు అది తేల్చుకోండి. కసరత్తు వీడియోలో మాట తక్కువ, కదలిక ఎక్కువ. నేర్పే వీడియోలో ఒక్కో కదలికనూ విడదీసి, ముందు నుంచీ వెనక నుంచీ చూపించాలి.

ఉదాహరణకు ‘హిప్ డ్రాప్’ చూడండి. బరువంతా ఒక కాలి మీద మోపి, రెండో కాలి మడమ ఎత్తి మునివేళ్లు నేలకు ఆనించాలి. ఆ మోకాలు కాస్త చాపితే తుంటి పైకి లేస్తుంది, వంచితే దిగుతుంది. కిటుకు మోకాలిలో ఉందని విడమరచి చెప్పే టీచరు దొరికితే వదలకండి. వార్మప్ లేని వీడియోనూ, తొలి పాఠంలోనే నడుమును విల్లులా వెనక్కి వంచమనే వీడియోనూ పక్కన పెట్టండి.

సంగీతమూ గమనించండి. బెల్లీ డాన్స్ ఈజిప్టులో వేదికకెక్కి వెలిగిన నాట్యం. 1926లో కైరోలో నర్తకి బదియా మసాబ్ని తెరిచిన నాట్యశాల నుంచే తహియా కారియోకా, సామియా గమాల్ వంటి నర్తకులు సినీ తారలయ్యారు. అక్కడి దర్బుకా డప్పు దరువు స్పష్టంగా వినిపించే వీడియో అయితే లయ కూడా పట్టుబడుతుంది.

జారని నేల, నిలువుటద్దం ఉంటే చాలు. నడుము, మోకాళ్ల నొప్పులున్నవారు, గర్భిణులు మాత్రం డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.