కెమెరాకు ఒక్క కేబుల్ చాలు

శ్రీసిటీ, రేణిగుంట వైపు ఉన్నలాంటి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు సరుకును తనిఖీ చేసే కెమెరాలు కొనడం తేలికే. వాటిని బిగించి వైర్లు లాగడమే తలనొప్పి. పాత పద్ధతిలో బొమ్మకు ఒక కేబుల్, కరెంటుకు ఒకటి, ఫొటో ఎప్పుడు తీయాలో చెప్పే సెన్సారుకు ఇంకొకటి. 2000లో వచ్చిన కెమెరా లింక్ అనే ప్రమాణంలో అయితే కేబుల్ 10 మీటర్లు దాటితే కష్టం. కంప్యూటర్లో ప్రత్యేక కార్డూ పెట్టాలి.

2006లో వచ్చిన గిగ్‌ఈ విజన్ అనే ప్రమాణం ఈ చిక్కు తీర్చింది. మామూలు ఈథర్నెట్ కేబుల్, 100 మీటర్ల దాకా. అందులోనే కరెంటూ పంపొచ్చు. అలా కరెంటు పంపడానికి ప్రమాణం 2003లోనే వచ్చింది. ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు, చాలా కెమెరాలకు అది ఎక్కువే. లైన్ వేగంగా నడుస్తుంటే మాత్రం సెన్సారు వైరు విడిగా వేయడమే మేలంటాను.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సంగతి వేరు. అక్కడ నీళ్లు కొట్టి కడుగుతారు. ఆఫీసుల్లో వాడే ప్లాస్టిక్ క్లిప్పు కనెక్టరు పనికిరాదు. మరతో బిగించే ఎం12 కనెక్టరు, కెమెరాకు నీళ్లు చొరబడని ఐపీ67 పెట్టె కావాలి. మోటారు వైర్లున్న ట్రేలో కెమెరా కేబుల్ వేయొద్దు, బొమ్మలు మధ్యలో తెగిపోతాయి. కేబుల్‌కు రెండు కొసలా నంబరు చీటీలు అంటించండి. తోతాపురి మామిడి లారీలు గేటు ముందు వరుసకట్టినప్పుడు ఏ వైరు ఎక్కడిదో వెతికే తీరిక ఎవరికీ ఉండదు.