చలికాలపు తెల్లవారుజామున సైకిలు ప్రయాణము
(పట్టణ సందర్శనమునకు వచ్చిన గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



చలికాలమున సైకిలు తొక్కుటను గూర్చి పంచాయతీ సభ్యులతో ప్రసంగించనేల యని మీకు తోపవచ్చును. కారణము మనవి చేయుదుము. ఈ అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల సందులలోని హాస్టళ్ళను మీరు చూచితిరి. అందు నివసించు యువతీ యువకులలో ఎందఱో మీ గ్రామముల బిడ్డలే. కొందఱు కంప్యూటరు విద్యకు, కొందఱు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు వచ్చినవారు. ఇంటినుండి వచ్చు సొమ్ము చాలక, తెల్లవారకమునుపే సైకిలెక్కి వార్తాపత్రికలు, పాల ప్యాకెట్లు ఇంటింటికి వేయువారు వీరిలో గలరు. పోలీసు ఉద్యోగమునకు దేహమును సిద్ధము చేసికొనుటకై తొక్కువారును గలరు. హాస్టలులో టిఫిను పెట్టు వేళకు ఇంకను మూడు గంటలుండును. అందుచేత ఖాళీ కడుపుతో, పలుచని చొక్కాతో బయలుదేరుట అలవాటైపోయినది. చీకటి, చలి, ఆకలి ఈ మూడును ఒక్కచోట కలిసినప్పుడే సైకిలు వానికి ప్రమాదము. ఇందులో ఆకలిని మాన్పుట మన చేతిలోని పని.

హైదరాబాదులో చలి యెంతలే యని ఆదిలాబాదు సభ్యులు నవ్వుకొనవచ్చును. వారి చలి వేఱు, ఒప్పుకొందుము. ఐనను ఈ నగరమున 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీల చలి నమోదైనది. సాధారణముగ డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీలుండును. కొన్ని రాత్రులు 10, 12 వఱకు దిగును. నిలుచున్నవానికి తగులు చలి వేఱు, సైకిలుపై పోవువానికి తగులు చలి వేఱు. 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువాని ముఖమునకు అది 7 డిగ్రీల చలివలె తోచును.

ఐతే గాలికంటె తడి చెడ్డది. పంజాగుట్టకు ఆ పేరులోనే గుట్ట యున్నది. అచటినుండి బంజారా హిల్స్ వైపు పోవు దారి అంతయు ఎక్కుడు. బరువుతో ఆ ఎక్కుడు తొక్కినవానికి పుష్యమాసమైనను చెమట పట్టును. కాలిబలముగ మారునది మనము ఖర్చుపెట్టు శక్తిలో నాల్గవ వంతు మాత్రమే. తక్కిన మూడు వంతులు వేడిగ మారిపోవును. తిరుగు దిగుడులో కాళ్ళకు పని యుండదు, వేడి పుట్టదు, తడిసిన చొక్కాపై గాలి కొట్టును. వంద గ్రాముల చెమట ఆరుటకు ఒంటిలోని 58 కేలరీల వేడి పోవును. కావున నూలు బనీను మీద లావుపాటి స్వెట్టరు ఒక్కటి వేయుటకంటె, పలుచని బట్టలు రెండు మూడు పొరలుగ వేసికొని, ఎక్కుడులో పైపొర విప్పి, దిగుడుకు ముందు మరల తొడుగుకొనుట మేలు. బయలుదేరునప్పుడు కొంచెము చలి వేయుచుండిననే సరియైన దుస్తులని యెఱుంగవలెను; పది నిమిషములలో ఒళ్ళు వెచ్చబడును. ఫ్రాన్సు దేశపు గొప్ప సైకిలు పందెములలో వీరులు కొండ దిగుటకు ముందు చొక్కాలో వార్తాపత్రికను మడిచి దోపుకొనెడివారు. మన పత్రికల కుఱ్ఱవాని సంచిలో ఆ కవచము ఎల్లప్పుడును ఉండనే యున్నది! చెవులకు మఫ్లరు, చేతులకు తొడుగులు మాత్రము తప్పనిసరి. వ్రేళ్ళు కొంకర్లు పోయిన చేయి బ్రేకును సకాలమున పట్టజాలదు.

ఇక తిండి సంగతి. రాత్రి భుజించినది తెల్లవారుసరికి చాలవఱకు కరగిపోవును. రక్తములోని చక్కెరను నిలిపి యుంచుటకు కాలేయమున సుమారు వంద గ్రాముల పిండిపదార్థము దాగియుండును. రాత్రి నిద్రలో అందు పెద్దభాగము ఖర్చగును. కండరములలోని నిలువ మిగిలియున్నను, అది ఆ కండరములకే. అఱువది కిలోల బరువుగల మనిషి గంటసేపు ఓ మోస్తరు వేగమున తొక్కినచో సుమారు 400 కేలరీలు కావలెను. అరగంట పనికి ఇబ్బంది లేదు. గంట, గంటన్నర దాటినచో మోకాళ్ళు తేలిపోవును, చేతులు వణకును, చూపు మసకబారును. చక్కెర తగ్గిన ఒంటికి వణకి వెచ్చబడు శక్తియు తగ్గును. కూడలిలో లారీ ముందు ఈ స్థితి కలిగిన నేమగునో చెప్పనక్కఱలేదు.

దీనికి మందుల దుకాణమున అమ్ము రంగురంగుల పొడులు అవసరము లేదు. ముందటి రాత్రి అన్నమో, జొన్నరొట్టెయో, పప్పుతో కడుపునిండ తినవలెను. లేచినవెంటనే ఒక అరటిపండు. అందు ఇంచుమించు 25 గ్రాముల పిండిపదార్థము, వంద కేలరీలు గలవు. లేదా నిమ్మకాయంత బెల్లపు ముక్క. లేదా గోరువెచ్చని రాగి అంబలి ఒక గ్లాసు. జేబులో పల్లీపట్టి ఒకటి ఉంచుకొనవలెను. దానిలోని బెల్లము వెంటనే అక్కఱకు వచ్చును, పల్లీలలోని నూనె నెమ్మదిగ. సంక్రాంతికి మీ ఇండ్లలో చేయు నువ్వుల ఉండలు ఆ పనికే పుట్టినవా యనిపించును. సకినాలు కూడ మంచివే గాని, తొక్కుచు నమలుటకు వీలు కాదు. పని ముగిసిన పిదప తినవలెను. గంటకు మించి తొక్కువారు ప్రతి గంటకు 30 మొదలు 60 గ్రాముల పిండిపదార్థము తీసికొనవలెనని పోషకాహార నిపుణుల సలహా. అనగా ఒక అరటిపండు, ఒక బెల్లపు ముక్క. వెల యెంత? ఒక ఇరానీ చాయ్ వెలకు మించదు.

చాయ్ మాట వచ్చినది కావున: వెచ్చదనమునకు మంచిదే, కాని అది భోజనము కాదు. చలిలో దాహము తెలియదు. అందుచేత గోరువెచ్చని నీరు సీసాలో ఉంచుకొని నడుమ నడుమ గ్రుక్కెడు త్రాగవలెను. చలికి సారాయి మందనుట శుద్ధ అబద్ధము. అది చర్మమునకు రక్తమును తోలి, లోని వేడిని బయటకు పంపివేయును. ఉబ్బసము, గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక ఈ పనికి దిగరాదు; తక్కినవారును ముక్కుపై తువాలు చుట్టుకొనినచో మంచిది.

సైకిలుకును చలి తగులును. మధ్యాహ్నము 30 డిగ్రీల ఎండలో చదరపు అంగుళమునకు 60 పౌండ్ల గాలి కొట్టించిన చక్రములో, తెల్లవారుజామున 12 డిగ్రీలకు వచ్చుసరికి నాలుగైదు పౌండ్లు తగ్గును. మంచు పడిన ఇనుప రిమ్ముపై బ్రేకు రబ్బర్లు జాఱును. ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. ముందు దీపము, వెనుక మడ్‌గార్డుపై ఎఱ్ఱని మెఱుపు పట్టీ ఉండవలెను. నగరపు బాహ్య వలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ఏర్పడినది. చూడముచ్చటైనదే. కాని పాల ప్యాకెట్లు వేయువాని దారి పంజాగుట్ట కూడలి మీదుగ పోవును; అచట వానికి ఆ పట్టీయే రక్ష.

మీ ఊళ్ళలో పొరుగూరి ఉన్నత పాఠశాలకు సైకిలుపై పోవు బాలబాలికలకును ఇదియే వర్తించును. మంచుకురియు నెలలలో ఊరి చివర మలుపు కడ దీపము వెలుగుచున్నదో లేదో చూచుట, ప్రతి సైకిలు వెనుక మెఱుపు పట్టీ అంటించుట, బడికి పోవు పిల్ల ఏమైన తిని బయలుదేరుచున్నదా యని తల్లులను హెచ్చరించుట మీ వలన కాగలదు.

అమీర్‌పేటలో మీవారున్నచో, డిసెంబరు మొదటి వారమునకు అందునట్లు ఆర్టీసీ పార్సిలులో కిలో బెల్లము, డబ్బాడు పల్లీపట్టీలు, ఒక జత ఉన్ని చేతి తొడుగులు, మూరెడు ఎఱ్ఱ పట్టీ పంపుడు. వచ్చి చూచువారు హాస్టలు మెట్లక్రింద నున్న సైకిలు చక్రమును వ్రేలితో నొక్కి చూచి, ఈ ఉదయమున ఏమి తింటివని అడుగుడు.