ఊరేగింపులును పోలీసు నిఘాయును

(మహాసభ రెండవదినమున చేయబడిన యుపన్యాసము)

   

ఈ మహాసభయందు ప్రసంగించుటకు మాకంటె విద్యావంతులును అనుభవశాలురును పెక్కండ్రు గలరు. అయినను కార్యనిర్వాహకవర్గమువారు ఈ యంశమును మాకే యప్పగించిరి. పెద్దల యాజ్ఞ శిరసావహించి నాలుగు మాటలు విన్నవింప సాహసించుచున్నాము. దోషములున్న మన్నింప వేడుచున్నాము.

విద్య, వసతిగృహములు, వివాహములందలి దుర్వ్యయము - ఇవి మన సభలలో ఏటేట చర్చింపబడు విషయములు. పోలీసువారి నిఘాతో మన సంఘమునకు పనియేమని కొంద రడుగవచ్చును. పని గలదు. గత సంవత్సరము మన విద్యార్థివసతిగృహపు స్థలముకొరకు జిల్లా కార్యాలయమునకు ఊరేగింపుగా పోయి వినతిపత్ర మొసంగితిమి. ముందుగా అనుమతి పొందితిమి. బాట కొక ప్రక్కనే నడచితిమి. ఒక్క రాయి కదలలేదు. ఒక భటుడుమాత్రము దారి పొడవునను కెమెరాతో మన మొగములను చిత్రించుకొనుచు మనతో నడచెను. వారము దినములు గడచినపిదప మన యువకులలో మువ్వురి యిండ్లకు ఒకరు వచ్చి పేరు, తండ్రిపేరు, చదువు, ఫోను సంఖ్య వ్రాసికొని పోయిరి. ఏల యని యడుగగా, "ఊరకే, పైవా రడిగినారు" అని యుత్తరము వచ్చెను.

ఆ మువ్వురిలో ఒకని తల్లి మా యింటికి వచ్చి, "బాబుగారూ! వీడు ఉద్యోగపు పరీక్ష వ్రాసియున్నాడు. రేపు పోలీసు విచారణలో వీని పేరు చెడునేమో! మీ సంఘమునకు దండము, ఇక వీనిని పిలువకండి" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ తల్లికి చెప్పదగిన సమాధానము ఆనాడు మాయొద్ద లేకపోయెను. నిన్నటి విషయనిర్ణయసభలో, ఇకమీదట మన సంఘము ఊరేగింపులు మానుకొనవలెనని యొక తీర్మానము ప్రతిపాదింపబడినది. నేటి సాయంకాలము అది సభవారి ముందునకు రానున్నది. ఆ తల్లికిని ఆ తీర్మానమునకును కలిపి మే మిచ్చు ప్రత్యుత్తరమే ఈ యుపన్యాసము.

మొదట పూర్వచరిత్రను గొంచెము చూతము. సభలపైని ఊరేగింపులపైని పోలీసువారికి గల యధికారము నిన్న మొన్నటిది కాదు. 1861వ సంవత్సరపు పోలీసు చట్టము 30వ సెక్షనునుబట్టి, ఊరేగింపు ఏ దారిని, ఏ వేళ పోవలయునో జిల్లా పోలీసు అధికారి నిర్ణయింపవచ్చును. శాంతిభంగ మగునని తోచినచో అనుమతిపత్రము పొందుమనవచ్చును. రాజకీయవార్తలు సేకరించుటకై 1887లో కేంద్రమున నొక ప్రత్యేకశాఖ వెలసెను. 1902-03 సంవత్సరముల ఫ్రేజరు కమీషను సిఫారసుపై రాష్ట్రములందు సి.ఐ.డి. శాఖ లేర్పడెను.

ఆ శాఖలకు మన ప్రాంతమునను పని దొరకెను. 1907లో బిపినచంద్రపాలుగారు తెలుగుజిల్లాలలో పర్యటించి రాజమహేంద్రవరమున ప్రసంగించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించిరని కళాశాలాధికారులు కోపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమీషనుకు నిరసనగా మద్రాసున ప్రజలు గుమిగూడగా కాల్పులు జరిగెను. తుపాకులయెదుట టంగుటూరి ప్రకాశముపంతులుగారు ఱొమ్ము చూపిన వృత్తాంతము మనలో పిల్లలు సైత మెరుగుదురు. నాటి రహస్యపోలీసు నివేదికలను నేడు చరిత్రకారులు తిరుగవేసి, స్వాతంత్ర్యసమరచరిత్ర వ్రాయుచున్నారు. నాడు ఎవరి పేర్లు అనుమానితుల పట్టికలలో నెక్కినవో వారి పేర్లే నేడు వీథులకును పాఠశాలలకును పెట్టబడియున్నవి. పట్టికలో నెక్కుట యొక్కటే కళంకము కాదని దీనివలన తేలుచున్నది.

కులసభయందు చెప్పక విడువరాని ముచ్చట యింకొకటి గలదు. 1871లో నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911 నాటికి అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఒక మనుష్యుడు చేసిన పనినిబట్టి కాక, పుట్టిన కులమునుబట్టి అతని పేరు పోలీసు పుస్తకమున కెక్కెను. వ్రేలిముద్ర లిచ్చుట, హాజరు పలుకుట, సెలవు లేక ఊరు దాటకుండుట - ఇవి కుటుంబములకు కుటుంబములే అనుభవించిన శిక్షలు. స్టూవర్టుపురము, సీతానగరము, కావలి మొదలగు సెటిల్మెంట్లు ఆ చట్టపు ఫలములే. దేశమంతటను ఆ చట్టము 1952 ఆగస్టు 31వ తేదీన రద్దయ్యెను. చట్టము పోయినను పేరుపడిన జాతులకు ఆ పేరు పోవుటకు తరములు పట్టుచున్నది. నేరము చేయనివాని పేరు వ్రాసికొనుటలోని హాని యెట్టిదో తెలియుటకు ఇంతకుమించిన నిదర్శన మక్కరలేదు.

స్వతంత్రభారతమున నీ ప్రశ్న న్యాయస్థానమున కెక్కెను. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగను నతడు 1941లో దోపిడి యభియోగముపై పట్టుబడి, సాక్ష్యము లేనందున విడువబడెను. అయినను పోలీసువా రతనిపై చరిత్రపత్రము తెరచిరి. ఇంటికి రహస్యముగా కాపుండుట, రాత్రులయందు తలుపు తట్టుట, రాకపోకలు కనిపెట్టుట జరుగుచుండెను. 1962 డిసెంబరు 18వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రాత్రివేళ నింటికి వచ్చుట చెల్లదనియు, తక్కిన నిఘా చెల్లుననియు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. షాగారితో కూడి భిన్నాభిప్రాయము వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధానన్యాయమూర్తి వారే. కాళ్లకు సంకెల లేకున్నను, అనుక్షణము వెన్నంటి చూచు కన్నులు గలవాని నడకను స్వేచ్ఛ యనరాదని వారి వాదము. ఆ నిఘానిబంధన మొత్తమును చెల్లదని వారు తలచిరి. పిదప ఏబదియైదేండ్లకు, 2017 ఆగస్టు 24వ తేదీన, పుట్టస్వామిగారి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పి, ఖరక్ సింగు తీర్పులో దానికి విరుద్ధముగా నున్న భాగమును త్రోసిపుచ్చిరి. నాడు ఓడిన తెలుగువాని మాటయే తుదకు నిలిచినది.

ఇప్పటి నిఘా యెట్టిదో చూడుడు. పూర్వము సభలో లఘులేఖకుడు కూర్చుండి వక్త మాటలనే వ్రాసికొనెడివాడు. వినవచ్చినవాని జోలికి పోవుట కతనికి చేతులు చాలెడివి కావు. ఇప్పుడు యంత్రమునకు వేయి కన్నులు. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన అల్లరుల పిమ్మట, మొగములు గుర్తుపట్టు యంత్రసాధనమున ఓటరుకార్డుల, డ్రైవింగు లైసెన్సుల చిత్రములను చేర్చి 1,100 మందికి పైగా గుర్తించితిమని హోంమంత్రిగారు అదే యేడు మార్చి 11వ తేదీన లోకసభలో చెప్పిరి. 2024 ఫిబ్రవరిలో పంజాబు హర్యానాల సరిహద్దున రైతులపై డ్రోనులనుండి బాష్పవాయువు విడువబడెను. హైదరాబాదు బంజారాహిల్సున 2022 ఆగస్టులో ప్రారంభమైన కమాండు కంట్రోలు కేంద్రమున నగరపు కెమెరాల చిత్రములు ఒక్కచోటికి వచ్చి చేరును. నేరస్థుని పట్టుటకు ఇవి యుపకరించునని మేమును ఒప్పుకొందుము. కాని వినతిపత్రము చేత బట్టినవానికిని కత్తి చేత బట్టినవానికిని భేదమును కెమెరా తనంతట తానెరుగదు. దాని నెరుగవలసినది దానివెనుకనున్న మనుష్యుడు, ఆ మనుష్యుని కట్టివేయు చట్టము.

పోలీసువారి కష్టమునుకూడ మనము తలపవలెను. 2022 డిసెంబరు 28వ తేదీన కందుకూరులో ఒక రాజకీయసభలో త్రొక్కిసలాట జరిగి ఎనమండుగురు మృతిచెందిరి. నాలుగు దినములకు గుంటూరులో మరి మువ్వురు పోయిరి. గుంపునందు ప్రాణము కాపాడుట పోలీసు ధర్మము. అందులకు వారు దారిని చూడవలె, గుంపును లెక్కింపవలె, కెమెరాయు పెట్టవలె. కాని ఆ దుర్ఘటనల పిమ్మట 2023 జనవరి 2వ తేదీన రహదారులపై సభల నించుమించుగా నిషేధించుచు వెలువడిన ఒకటవ నంబరు జీ.వో.ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మే 12వ తేదీన కొట్టివేసెను. హైదరాబాదు ఇందిరాపార్కు చెంత ధర్నాచౌకు 2017లో మూయబడగా 2018లో హైకోర్టు మరల ధర్నాలకు అనుమతించెను. ఆ 2018లోనే ఢిల్లీ జంతరుమంతరునొద్ద సభలు సంపూర్ణముగా నిషేధింపరాదని సుప్రీముకోర్టు పలికెను. 2020లో షాహీన్‌బాగు వ్యాజ్యమున, బహిరంగమార్గములను అనంతకాల మాక్రమించుటయు తగదని ఆ న్యాయస్థానమే చెప్పెను. ఈ తీర్పులన్నిటి సారాంశము ఒక్కటే: నియమింపవచ్చును, నిర్మూలింపరాదు. రాజ్యాంగము 19వ అధికరణము ఆయుధములు లేక శాంతముగా గుమిగూడు హక్కును పౌరులకు స్పష్టముగా నొసంగినది.

కాబట్టి మా యభిప్రాయ మిది. దారిని చూచుట వేరు, మనిషిని వెంటాడుట వేరు. ఊరేగింపు సాగునంతసేపు కావలి కాయుట రక్షణ. అది ముగిసిన వారమునకు ఇల్లు వెదకికొని వచ్చి విద్యార్థి పేరు వ్రాసికొనుట రక్షణ కాదు, బెదరింపు. మొదటిదానికి మనము సహకరింపవలెను. రెండవదానికి కారణ మడుగవలెను.

ఇక ఆ తల్లికి సమాధానము. అమ్మా! ఉద్యోగమునకు ముందు నింపు ధ్రువీకరణపత్రమున, నీవు అరెస్టయితివా, అభియోగము నెదుర్కొంటివా, బైండోవరు చేయబడితివా, శిక్ష పడెనా యని యడుగుదురు. శాంతియుతమైన ఊరేగింపులో నడచుట అందులో లేదు. నీ కుమారుడు దాచవలసిన దేమియు లేదు. దాచుటయే ముప్పు. నిజమును దాచిన యభ్యర్థుల విషయమై సుప్రీముకోర్టు 2016లో అవతారసింగు వ్యాజ్యమున విపులముగా చర్చించెను. అయితే ముందస్తు అరెస్టు, బైండోవరు అనునవి తేలికగా తీసికొనదగినవి కావు. అవి కాగితమున కెక్కును. 2022వ సంవత్సరపు గుర్తింపు చట్టమునుబట్టి, అరెస్టయినవాని వ్రేలిముద్రలు, కనుపాప గుర్తులు మొదలగునవి తీసికొని 75 ఏండ్లు భద్రపరుపవచ్చును. విచారణ లేక విడువబడినవానివి, నిర్దోషిగా తేలినవానివి, న్యాయాధికారి వేరుగ నుత్తరువు చేసిననే తప్ప, తుడిచివేయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ సంగతి మనలో నెందరికి తెలియును?

కావున ఊరేగింపులు మానుకొందమను తీర్మానమునకు బదులుగా ఈ క్రింది సవరణను సభవారి యెదుట నుంచుచున్నాము.

ఒకటి: ఊరేగింపునకు ముందుగా దారి, వేళ, జనసంఖ్య తెలుపుచు వ్రాతపూర్వకముగా దరఖాస్తు చేయవలెను. నిరాకరించినచో ఆ నిరాకరణమును కారణసహితముగా వ్రాసి యిమ్మని యడుగవలెను. నోటిమాటను ఉత్తరువుగా నెంచరాదు.

రెండు: ప్రతి యేబదిమందికి ఒక స్వచ్ఛందసేవకుని నియమింపవలెను. 2011 జూనులో ఢిల్లీ రాంలీలా మైదానమున నడిరాత్రి నిద్రించుచున్నవారిపై పోలీసులు పడినందుకు సుప్రీముకోర్టు 2012లో పోలీసువారిని తప్పుపట్టెను. కాని నష్టపరిహారమున నాల్గవవంతు సభ నేర్పరచినవారిపైనను మోపెను. నిర్వాహకుల యజాగ్రత్తకు గూడ వెల యున్నదని మరువకుడు.

మూడు: ఊరేగింపు ముగిసినపిదప ఎవరింటికైన విచారణకు వచ్చినచో, వచ్చినవారి పేరు, హోదా, తేదీ వ్రాసియుంచి సంఘకార్యదర్శికి తెలుపవలెను. మర్యాద తప్పరాదు, భయపడనురాదు.

నాలుగు: మన న్యాయవాదులు ఒక సహాయకసంఘముగా నేర్పడి, బైండోవరు నోటీసు వచ్చినవారికిని, గుర్తింపుచిహ్నములు తుడిపించుకొనదలచినవారికిని ఉచితముగా తోడ్పడవలెను. ఈ పనికై ఇద్దరు న్యాయవాదులు ఇదివరకే సమ్మతించిరని తెలుపుటకు సంతసించుచున్నాము.

అయిదు: గత సంవత్సరపు విచారణకు కారణమేమో తెలుపవలసినదిగా సమాచారహక్కు చట్టముక్రింద మన సంఘము దరఖాస్తు పెట్టవలెను.

సోదరులారా! ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొనిన సామెత మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. నిఘా యున్నదని ఊరేగింపు మానుట అట్టిదే. మనము మానినచో నిఘా మానదు, వసతిగృహపు స్థలముమాత్రము మానును. మన యడుగుట న్యాయమైనది, నడచుట శాంతమైనది. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొనవలసిన యగత్యము మనకు లేదు. చిత్రించుకొనువారు చిత్రించుకొందురుగాక. ఆ చిత్రమున మన బిడ్డలచేత వినతిపత్రము తప్ప వేరొండు కానరాకుండ చూచుట మన బాధ్యత. ఆ చిత్రము దుర్వినియోగము కాకుండ చూచుట రాజ్యపు బాధ్యత. రెండింటిని జ్ఞప్తికి తెచ్చుటకే సంఘములున్నవి.

ఆ తల్లి యీ సభలోనే స్త్రీల పంక్తిలో కూర్చుండియున్నారు. వారి కుమారుని పేరు మేము చెప్పము. మేము చెప్పినచో అదియు నొక పట్టికయే యగును. రానున్న ఊరేగింపునందు అతడు నడచుట నడవకుండుట అతని యిష్టము. నడచునేని అతని వెంట సంఘమంతయు నుండునని మాత్రము వారికి మాట యిచ్చుచున్నాము. ఈ మాట నిలుపుకొనుటకు మీ యందరి సమ్మతి కోరుచున్నాము.